చావు గీసుకున్న బొమ్మలో గొయ్యి తవ్వినోడేడి?

చావు ముందు అందరూ సమానమే అనే మాటని మనం చాలా చోట్ల విన్నాం. గుడి మైకులో విన్నాం, హరికథలో విన్నాం, నాటకంలో విన్నాం, సంతాప సభల్లో ఇప్పటికీ వింటూనే ఉన్నాం. బతికినన్నాళ్లూ పక్కన కూర్చోనివ్వని వాళ్లే ఈ మాటని ఎక్కువ ఇష్టంగా చెప్తారు. ఎందుకంటే దీనివల్ల వాళ్లకి ఖర్చేమీ లేదు. సమానత్వాన్ని చచ్చిన తర్వాతకి వాయిదా వేస్తే, బతుకులో దేన్నీ వదులుకోనక్కర్లేదు గదా.

ఈ మాటనే గోడలకి తగిలించి, అద్దాల బీరువాల్లో పెట్టి, లైట్లు వేసి చూపించిన ఎగ్జిబిషన్ ఒకటి లండన్‌లో జరిగింది. యూస్టన్ రోడ్డులో ఉన్న వెల్‌కమ్ కలెక్షన్ అనే మ్యూజియంలో 2012 నవంబర్ 15 నుంచి 2013 ఫిబ్రవరి 24 దాకా నడిచింది. దాని పేరు ‘డెత్: ఎ సెల్ఫ్ పోర్ట్రెయిట్’. చావు తన బొమ్మని తానే గీసుకుంటే ఎలా ఉంటుందో చూడండి అని ఆ పేరుకి అర్థం చెప్పుకోవచ్చు. షికాగోలో ఉండే రిచర్డ్ హారిస్ అనే ఆయన ఒకప్పుడు పాత ముద్రణ చిత్రాల వ్యాపారి. ఆయన సేకరించిన వస్తువుల్లోంచి సుమారు 300 తీసుకుని ఐదు గదుల్లో పేర్చారు. ప్రవేశం ఉచితం.

ఆ ఎగ్జిబిషన్ గురించి ఇప్పుడెందుకు? రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ తర్వాత పదేళ్లలో అదే లండన్‌లో మ్యూజియాలు తమ అద్దాల బీరువాల్లో ఏముందో, ఎక్కడినుంచి వచ్చిందో తామే ప్రశ్నించుకోవలసి వచ్చింది. రెండోది మనకి సంబంధించింది. చావు చరిత్రని చెప్పేటప్పుడు ఎవర్ని లెక్కలోకి తీసుకుంటారు, ఎవర్ని వదిలేస్తారు అన్న ప్రశ్నని ఆ ఎగ్జిబిషన్ చాలా స్పష్టంగా ముందుకి తెస్తుంది. అది తెలిసి తెచ్చిన ప్రశ్న కాదు. దళిత దృక్పథంతో చూసేవాళ్లకి మాత్రం అది కనపడకుండా పోదు.

ఐదు గదులు

మొదటి గది చావు గురించి ఆలోచించడం. పుర్రె, ఆరిపోతున్న కొవ్వొత్తి, వాడిన పువ్వు, ఇసుక గడియారం ఉన్న పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రాల సంప్రదాయం ఇక్కడ ఉంది. రెండో గది ‘చావు నాట్యం’. అస్థిపంజరం వచ్చి రాజునీ, బిషప్పునీ, పిల్లనీ, ముసలినీ చెయ్యిపట్టి లాక్కుపోయే బొమ్మల సంప్రదాయం. మూడో గది హింసతో వచ్చే చావు. నాలుగోది కామానికీ చావుకీ ఉన్న సంబంధం. ఐదోది చనిపోయినవాళ్లని తలుచుకునే తీరు. ఇందులో మెక్సికో వాళ్ల మృతుల పండగ కూడా ఉంది. చివర్లో ఇరవయ్యో శతాబ్దంలో మనుషులు దేనివల్ల చచ్చారో వలయాలుగా గీసిన పెద్ద లెక్కల బొమ్మ ఉంది. దాన్ని డేవిడ్ మెకాండ్లెస్ చేశాడు.

డ్యూరర్, రెంబ్రాంట్, గోయా లాంటి పెద్ద పేర్లున్నాయి. వాటి పక్కనే బజార్లో అమ్మిన చౌక పోస్టుకార్డులు కూడా ఉన్నాయి. గొప్ప కళనీ, చిల్లర వస్తువునీ ఒకే గోడమీద పెట్టడం మంచి పని. టిక్కెట్టు లేకుండా లోపలికి రానివ్వడం ఇంకా మంచి పని. ఈ రెండూ ఒప్పుకున్న తర్వాతే మన పేచీ.

పేచీ ఇది. ఐదు గదులు తిరిగినా చావుని చూసినవాళ్లూ, చావుకి భయపడినవాళ్లూ, చావుమీద జోకులేసినవాళ్లూ కనిపిస్తారు. చావుతో పని చేసినవాళ్లు కనపడరు. శవాన్ని కడిగింది ఎవరు? మోసింది ఎవరు? గొయ్యి తవ్వింది ఎవరు? కట్టెలు పేర్చి, కాలేదాకా దగ్గర నిలబడింది ఎవరు? ఊరూరూ తిరిగి చావు కబురు చెప్పింది ఎవరు? ఇవి పక్క ప్రశ్నలు కావు. ఏ సమాజంలోనైనా చావు అనేది ముందు ఒక పని. ఆ తర్వాతే అది ఒక భావం. పనిని తీసేసి భావాన్ని మాత్రమే అద్దంలో పెడితే, ఆ భావం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

చావు నాట్యంలో వరస

యూరప్‌లో 1348 ప్రాంతంలో వచ్చిన ప్లేగు జనాన్ని ఊడ్చుకుపోయింది. ఆ తర్వాతి కాలంలో ఈ ‘చావు నాట్యం’ బొమ్మలు బలపడ్డాయి. పారిస్‌లో హోలీ ఇన్నోసెంట్స్ శ్మశానం గోడమీద 1424-25లో వేసింది అందరికీ తెలిసినది. పుస్తక రూపంలో బాగా పేరుపడినవి హాన్స్ హోల్బైన్ గీసినవి. 1538లో లియాన్ నగరంలో 41 బొమ్మలతో అచ్చయ్యాయి.

హోల్బైన్‌ని తేలిగ్గా తీసెయ్యలేం. అతను బొమ్మల్లో కోపం కూడా పెట్టాడు. జడ్జి డబ్బున్నవాడి దగ్గర లంచం పుచ్చుకుంటూ ఉంటే పేదవాడు పక్కన నిలబడి ఉంటాడు. చావు ఆ జడ్జి కోసం వస్తుంది. దున్నేవాడి బొమ్మలో చావు ముసలి రైతు గుర్రాల్ని అదిలిస్తూ సాలు చివరిదాకా తోలుతుంది, చర్చి వెనక పొద్దు వాలుతూ ఉంటుంది. బలిసినవాడి దగ్గరికి పోయినట్టు పేదవాడి దగ్గరికి పోలేదు చావు. ఈ తేడా హోల్బైన్‌కి తెలుసు.

అయినా వరస చూడండి. పోపు, చక్రవర్తి, రాజు, కార్డినల్, రాణి, బిషప్పు, ప్రభువు, జడ్జి, లాయరు, పూజారి, సన్యాసిని, వైద్యుడు, వ్యాపారి, ఓడవాడు, మోపు మోసి అమ్ముకునేవాడు, దున్నేవాడు, చంటిపిల్ల. సమాజాన్ని పైనుంచి కిందికి నిచ్చెనగా పేర్చాడు. ఆ నిచ్చెనలో గొయ్యి తవ్వేవాడు లేడు. చావు గురించి 41 బొమ్మలు గీసినవాడికి చావుమీద బతికే మనిషి గుర్తుకి రాలేదు. సమానం చెయ్యడానికి కూడా అతన్ని పిలవలేదు.

గొయ్యి తవ్వేవాడు యూరప్ సాహిత్యంలో పూర్తిగా లేడని కాదు. షేక్స్‌పియర్ హామ్లెట్ నాటకంలో ఉన్నాడు. యువరాజు చేతిలో పట్టుకున్న పుర్రె ఎవరిదో ప్రపంచమంతా చెప్తుంది, యోరిక్ అనే విదూషకుడిది. ఆ పుర్రెని మట్టిలోంచి తవ్వి పైకి తీసిన మనిషి పేరేమిటి? పేరు లేదు. నాటకం ప్రతిలో అతన్నీ, అతని తోటివాణ్నీ ‘క్లౌన్’లని రాశారు. అంటే నవ్వించేవాళ్లు. చచ్చినవాడికి పేరుంది, చావుని తలుచుకున్నవాడికి పేరుంది, తవ్వినవాడికి లేదు.

మన స్టేజీమీద ఇదే కథ

ఇది పరాయి దేశం గోల అని అనుకోవద్దు. తెలుగువాళ్లకి చావు సమానత్వం అంటే వెంటనే గుర్తొచ్చేది హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకానికి గుర్రం జాషువా శ్మశాన పద్యాలు వచ్చి చేరాయి. అవి పాడకపోతే జనం ఊరుకునేవాళ్లు కాదు. ఊరూరా వన్స్ మోర్ కొట్టించుకున్న పద్యాలవి. మట్టిలో కలిసిన తర్వాత రాజెవడు, కవెవడు, బీదెవడు అని నిలదీసిన ఆ పద్యాల్ని రాసిన కవి అంటరానితనం అనుభవించినవాడు. పద్యానికి చప్పట్లు కొట్టిన ఊళ్లే పద్యకర్తని వాకిట్లో నిలబెట్టిన కాలం అది. కాబట్టి జాషువా నోట ఆ మాట వస్తే ఒక అర్థం, చప్పట్లు కొట్టినవాడి చెవిలో పడితే ఇంకో అర్థం. జాషువాకి అది నిలదీత. వినేవాడికి అది వేదాంతం.

ఇక కథ సంగతి. హరిశ్చంద్రుడి కష్టాల్లో చివరి మెట్టు ఏమిటి? కాటికాపరి పని చెయ్యాల్సి రావడం. రాజ్యం పోయింది, పెళ్లాం పోయింది, కొడుకు పోయాడు, వాటన్నిటి పక్కనా వీరబాహుడి కింద కాటి సుంకం వసూలు చెయ్యడాన్ని కూడా కష్టంగానే లెక్కేశారు. ఆ పని పుట్టిన దగ్గర్నించీ చేస్తున్నవాడికి అది కష్టం కాదా? అతని మీద ఎవరూ పద్యం కట్టలేదేం? ఇంకో మాట కూడా ఉంది. మార్కండేయ పురాణం ప్రకారం హరిశ్చంద్రుణ్ని కొన్న ఆ చండాలుడు అసలు చండాలుడే కాదు. ధర్ముడే ఆ వేషం వేసుకొచ్చాడు. అంటే కథలో ఉన్న ఒకే ఒక్క కాటికాపరి కూడా చివరికి వేషమే. నిజమైన కాటికాపరికి తన శ్మశానంలో కూడా చోటు లేదు.

లండన్ గదుల్లోనూ, మన స్టేజీమీదా జరిగింది ఒకటే. చావు పని చేసే మనిషిని తీసేసి, ఆ చోట్లో వేదాంతాన్ని నిలబెట్టారు.

ఎవరి దగ్గర్నించి దాచారు?

చావు పట్ల వైఖరుల చరిత్ర అనగానే పండితులు ఎక్కువగా చెప్పే పేరు ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ అరియే. 1974లో ఇంగ్లీషులో వచ్చిన చిన్న పుస్తకంలోనూ, 1977లో ఫ్రెంచిలో వచ్చిన పెద్ద గ్రంథంలోనూ ఆయన ఒక క్రమం చెప్పాడు. పూర్వం చావు ఇంట్లో, అందరి మధ్యా జరిగేది. మచ్చిక చేసుకున్న చావు అది. తర్వాత నా చావు అనే స్పృహ వచ్చింది. తర్వాత నువ్వు పోతే నేనెలా అనే దుఃఖం ముందుకొచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో చావు ఆస్పత్రి గోడల వెనక్కి పోయింది, మాట్లాడకూడని విషయమైంది. ఇలాంటి ఎగ్జిబిషన్లకి సమర్థన కూడా ఇక్కడినుంచే వస్తుంది. దాచేసిన చావుని మళ్లీ బయటపెడుతున్నాం, మాట్లాడుకుందాం రండి అంటారు.

అరియే చాలా చదివాడు, చాలా చూపించాడు. కాని దాచేశారు అన్నప్పుడు ఎవరి దగ్గర్నించి దాచారో అడగాలి గదా. మార్చురీలో పని చేసేవాడి దగ్గర్నించి చావుని ఎవరూ దాచలేదు. శవాన్ని స్ట్రెచర్ మీద తోసుకుపోయే వార్డుబాయ్ దగ్గర్నించి దాచలేదు. వారణాసి మణికర్ణికా ఘాట్‌లో తరతరాలుగా చితులు పేరుస్తున్న డోమ్‌ల దగ్గర్నించి దాచలేదు. మన ఊళ్లలో చచ్చిన గొడ్డుని లాగి, తోలు తీసి, చావుకి డప్పు కొట్టి, పరుగున పోయి పక్క ఊళ్లో బంధువులకి కబురు చెప్పిన వెట్టివాడి దగ్గర్నించి ఒక్కనాడూ దాచలేదు. కొందరికి చావు కనపడకుండా పోవాలంటే, ఇంకొందరు దాన్ని రోజూ ముట్టుకోవాలి. ముట్టుకున్నందుకు వాళ్లే అంటరానివాళ్లు కావాలి. అరియే చెప్పిన నాలుగు మెట్లలో ఈ మనిషి ఏ మెట్టుమీదా లేడు.

మన దగ్గర దీనికి మైల అని పేరు. శవం మైల. శవం ఇంటివాళ్లకి ఆ మైల పదకొండు రోజులో, పదమూడు రోజులో ఉండి స్నానంతో పోతుంది. శవాన్ని సాగనంపడానికి డప్పు కొట్టినవాడికి మాత్రం మైల పుట్టుకతో వచ్చి పోయేదాకా ఉంటుంది. ఒకే చావు, ఒకే శవం, రెండు రకాల కాలం. చావు పట్ల వైఖరుల చరిత్ర రాసేవాడు ముందు ఈ తేడాని రాయాలి.

గోయా గది

మూడో గదికి మాత్రం నమస్కారం పెట్టాలి. అక్కడ జాక్ కాలో 1633లో చేసిన యుద్ధ చిత్రాలున్నాయి. ఫ్రాన్సిస్కో గోయా 1810 నుంచి 1820 వరకు చేసిన యుద్ధ బీభత్సాల చిత్రాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్‌గన్ పట్టి పోరాడి వచ్చిన ఒట్టో డిక్స్ 1924లో అచ్చేసిన 50 చిత్రాల వరస ఉంది.

ఈ చిత్రాల్లో చావు అస్థిపంజరం వేషంలో వచ్చి చెయ్యి పట్టుకోదు. మనిషిని మనిషి చంపుతాడు. గోయా బొమ్మలో చెట్టుకి కట్టినవాడున్నాడు, కట్టి చూస్తున్నవాడూ ఉన్నాడు. ఒక బొమ్మ కింద ఇది నా కళ్లతో చూశానని రాసుకున్నాడు. ఆ బొమ్మల్ని బతికుండగా అచ్చెయ్యలేకపోయాడు. 1828లో పోయాడు, 1863లో గాని అవి బయటికి రాలేదు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. చావు అందరికీ వస్తుంది అని చెప్తే ఏ రాజుకీ కోపం రాదు. వీళ్లని చంపారు అని చెప్తే వస్తుంది.

కాబట్టి ఈ ఎగ్జిబిషన్ తన రెండో గదిలో చెప్పినదాన్ని తన మూడో గదిలోనే కొట్టేసింది. చావు అందరికీ సమానంగా పంచిపెట్టబడదని గోయా గోడ సాక్ష్యం చెప్తోంది. కాని నిర్వాహకులు ఆ రెండు గదుల్నీ ఎదురెదురుగా పెట్టి కొట్లాడించలేదు. ఒక దాని పక్కన ఒకటి, అందంగా, ఒక మనిషి సేకరణలో భాగాలుగా ఉంచేశారు.

మెకాండ్లెస్ లెక్కల బొమ్మ దగ్గర కూడా ఇదే ఇబ్బంది. జబ్బులు, యుద్ధాలు, హత్యలు, ప్రమాదాలు అన్నీ వలయాలయ్యాయి. మంచిదే. మన దేశంలో మురుగు గుంటలోకి దిగి విషవాయువుకి చచ్చిపోయినవాణ్ని ఏ వలయంలో వెయ్యాలి? ప్రమాదంలోనా? హత్యలోనా? 1993 నుంచి అలా చనిపోయినవాళ్ల కుటుంబాలకి తలా 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కోర్టు ధర పెంచిందంటే చావులు ఆగలేదనే అర్థం. ఆ గుంటలోకి దిగేవాళ్లు దాదాపుగా ఏ కులాలవాళ్లో దేశానికంతా తెలుసు. కారణాల వరసలో కులం అనే వలయం లేకపోతే ఈ చావు ఎప్పటికీ ప్రమాదమే అవుతుంది.

ప్లాస్టర్ ఎముకలూ, అసలు ఎముకలూ

ఎగ్జిబిషన్‌లో జనం ఎక్కువసేపు నిలబడి చూసిన వస్తువుల్లో ఒక పెద్ద దీపాల గుత్తి ఉంది. జోడీ కేరీ అనే కళాకారిణి చేతితో చేసిన 3,000 ప్లాస్టర్ ఎముకలతో దాన్ని తయారుచేసింది. గొప్ప శ్రమ. ప్రతి ఎముకా ఎవరు చేశారో మనకి తెలుసు.

అసలు ఎముకల సంగతి ఏమిటి? ఇక్కడే లండన్‌కీ మనకీ సూటిగా సంబంధం ఉంది. ఇంగ్లండ్‌లో 1752 చట్టం ఉరితీసిన హంతకుల శవాల్ని కోతకి ఇవ్వమంది. అవి చాలక గోరీలు తవ్వి శవాలు దొంగిలించి అమ్మేవాళ్లు తయారయ్యారు. 1828లో ఎడింబరోలో బర్క్, హేర్ అనేవాళ్లు అమ్మడానికి మనుషుల్నే చంపారు. 1832లో కొత్త చట్టం వచ్చింది. పేదల ఆశ్రమాల్లో చచ్చిపోయి, ఎవరూ తీసుకుపోని శవాల్ని డాక్టర్ల కోతకి ఇవ్వొచ్చని తేల్చింది. అంతకుముందు హంతకుడికి వేసిన శిక్షని ఆ చట్టం పేదవాడికి వేసింది. అందుకే అక్కడి కూలీజనం వారానికి ఇంతని చావు చిట్టీలు కట్టుకునేవాళ్లు. సమాధి కొనుక్కోవడానికి బతికుండగా కడుపు మాడ్చుకున్నారు. చావు అందరినీ సమానం చేస్తుందంటే వాళ్లు నమ్మేవాళ్లేనా?

తర్వాత ఎముకలు మన దేశంనుంచి పోయాయి. కలకత్తా నుంచి వేలకొద్దీ అస్థిపంజరాలు బ్రిటన్‌తోసహా చాలా దేశాల మెడికల్ కాలేజీలకి ఎగుమతి అయ్యాయి. 1985లో భారత ప్రభుత్వం నిషేధించేదాకా ఆ వ్యాపారం బాహాటంగా నడిచింది. ఆ శవాలు ఎవరివి? దహనానికి కట్టెలు కొనలేనివాళ్లవి, దిక్కులేనివని రాసేసినవాళ్లవి. వాటిని శుభ్రం చేసి, తీగ కట్టి, పెట్టెలో సర్దే పని చేసినవాళ్లలో డోమ్‌లున్నారు. ముట్టుకుంటే మైల అన్న ఎముక ఓడెక్కి దిగేసరికి శాస్త్రమైంది. దాన్ని అమ్మినవాడు వ్యాపారి అయ్యాడు, చదివినవాడు డాక్టరయ్యాడు. శుభ్రం చేసినవాడు డోమ్‌గానే ఉండిపోయాడు. ఇంగ్లండ్ కాలేజీల బీరువాల్లో ఆ ఎముకలు పేరు లేకుండా ఉన్నాయి. ప్లాస్టర్ ఎముకకి కర్త పేరుంది, అసలు ఎముకకి మనిషి పేరు లేదు.

లండన్ మ్యూజియాలు తర్వాత కొంత కదిలాయి. హెన్రీ వెల్‌కమ్ అనే మందుల కంపెనీ యజమాని ప్రపంచమంతా తిరిగీ, తిప్పించీ పది లక్షలకి పైగా వస్తువులు పోగేశాడు. వాటిలో కొన్నిటితో పెట్టిన ‘మెడిసిన్ మ్యాన్’ గ్యాలరీని, అది జాత్యహంకార భావాల మీద నిలబడిన చరిత్రనే చెప్తోందని ఒప్పుకుని, వెల్‌కమ్ కలెక్షన్ వాళ్లే 2022 నవంబర్‌లో మూసేశారు. హంటేరియన్ మ్యూజియం కథ ఇంకొకటి. చార్లెస్ బర్న్ అనే ఐరిష్ మనిషి చాలా పొడుగు. తన శవాన్ని డాక్టర్లకి చిక్కకుండా సముద్రంలో వెయ్యమని వేడుకున్నాడు. 1783లో అతను చనిపోతే జాన్ హంటర్ డబ్బిచ్చి శవాన్ని దక్కించుకున్నాడు. రెండు వందల ఏళ్లకి పైగా ఆ అస్థిపంజరాన్ని చూపించారు. 2023లో మ్యూజియం మళ్లీ తెరిచినప్పుడు ప్రదర్శనలోంచి తీసేశారు. సముద్రానికి మాత్రం ఇవ్వలేదు, పరిశోధనకని ఉంచుకున్నారు. అంటే చూపించడం తప్పని తెలిసింది, ఉంచుకోవడం తప్పని ఇంకా తెలియలేదు.

మన చావుల చరిత్ర

చావు పట్ల వైఖరి మారడం అంటే ఏమిటో దళితుల చరిత్రలో చూడాలి. అది పండితుడి మనసులో వచ్చిన మార్పు కాదు, పని మానేసిన మార్పు.

1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ చచ్చిన గొడ్డుని లాగొద్దు, దాని మాంసం తినొద్దు అని మహర్లకి చెప్పాడు. చెరువు నీళ్లు ముట్టుకోవడం అందరికీ గుర్తుంది. చావు పనిని వదిలెయ్యమన్న పిలుపు కూడా అంతటిదే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. చావుకి కొట్టడానికి మాత్రమే పనికొస్తుందనుకున్న డప్పు ఆ రోజునుంచి హక్కు అడగడానికి మోగింది. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కొట్టారు. జవాబుగా సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన పశువుల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. మీ గోమాత, మీరే తీసుకోండి అన్నట్టు. మైల ఎవరిదో ఆ రోజు తెలిసొచ్చింది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. చంపినవాళ్లు ఆశించింది శవాలు కూడా మిగలకూడదని. దళితులు వాటిని వెతికి తెచ్చి, శ్మశానానికి తీసుకుపోకుండా ఊరి నడుమ పూడ్చారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఊరి బయట బతకమన్నవాళ్లు చచ్చి ఊరి నడుమకి వచ్చారు. 2007లో ఆ ఊళ్లోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాగితం మీద చంపినవాడు ఎవడూ లేడు. సమాధులు మాత్రం అక్కడే ఉన్నాయి. వెల్‌కమ్ వాళ్ల ఐదో గదికి ‘స్మరణ’ అని పేరు. స్మరణ అంటే పూలూ, చక్కెర పుర్రెలే కాదు. కోర్టు కొట్టేసిన సాక్ష్యాన్ని నేలలో ఉంచుకోవడం కూడా స్మరణే.

ఏటా డిసెంబర్ 6న ముంబైలో చైత్యభూమికి లక్షలాది మంది వస్తారు. అక్కడ జనం ఎక్కువగా కొనేది పుస్తకాలు. చచ్చిపోయిన మనిషిని తలుచుకోవడం అంటే ఆయన చెప్పింది చదవడం అని నిరూపించిన జాతర అది. దీనికి ఏ మ్యూజియంలో గది ఉంది?

ఇక నేల సంగతి. 2019 ఆగస్టులో తమిళనాడు వెల్లూరు జిల్లా వాణియంబాడి దగ్గర, పొలాలవాళ్లు దారి ఇవ్వనందుకు, ఒక దళితుడి శవాన్ని పాలారు వంతెన మీదనుంచి తాళ్లతో కిందికి దించి శ్మశానానికి తీసుకుపోవలసి వచ్చింది. మన ఊళ్లలో కూడా కులానికో కాడు, బొందలగడ్డకి దారి కోసం ఏళ్ల తరబడి అర్జీలు. చావు సమానం చేస్తుందని చెప్పేవాడు ఆ వంతెన దగ్గర నిలబడి చెప్పాలి.

మన మ్యూజియాల్ని అడగవలసింది

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నిజాం కాలంలో ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ ఉంది. స్కూలు పిల్లలు వరసకట్టి చూస్తారు. ఆ శవానికి పేరుంది, వంశం ఉంది, గాజుపెట్టె ఉంది. మంచిదే. అదే భవనంలో ఈ నేలమీద చావుని మోసిన కులాల గురించి పిల్లలకి ఏం చెప్తున్నాం? డప్పుని జానపద వాద్యం అని రాసి గోడకి తగిలిస్తే సరిపోదు. దాన్ని ఎవరు, ఎవరి చావుకి, ఎంత కూలికి, ఎవరి బలవంతం మీద కొట్టారో రాయాలి. ఎప్పుడు కొట్టడం మానేశారో కూడా రాయాలి.

మెడికల్ కాలేజీల అనాటమీ మ్యూజియాల్లో ఉన్న ఎముకలు ఎక్కడివో రికార్డులు తీసి చెప్పమని అడగాలి. కాటికాపరులతో, మార్చురీ కార్మికులతో, గొడ్డు పని మానేసిన పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్ల మాటలు వాళ్ల పేర్లతో రికార్డు చెయ్యాలి. ఇది పరిశోధక విద్యార్థులు రేపే మొదలుపెట్టగల పని. దీనికి షికాగో వ్యాపారి సేకరణ అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. ఆ పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు గనక ఆలస్యం చెయ్యకూడదు.

లండన్‌లో వేలాడిన బొమ్మల్ని చూడొద్దని ఎవరూ అనరు. గోయాని ప్రతి దళిత విద్యార్థీ చూడాలి, ఎందుకంటే అతను చంపినవాణ్ని బొమ్మలోంచి తీసెయ్యలేదు. కాని అది చావు గీసుకున్న సొంత బొమ్మ అంటే మాత్రం ఒప్పుకోలేం. చావు ఎప్పుడూ తన బొమ్మ తాను గీసుకోలేదు. ఎవరో గీశారు, ఎవరో కొన్నారు, ఎవరో తగిలించారు. గొయ్యి తవ్వినవాణ్ని మోడల్‌గా కూడా నిలబెట్టలేదు. ఇప్పుడు తవ్వినవాళ్ల పిల్లలు చదువుకున్నారు. రాయవలసింది వాళ్లే.